ఎదురు తోలిన వాన

సోమవారం. ఉత్తర్వు ప్రకారం ఎండ.

నమూనా గదిలో పనిచేసేవాళ్లు ఇకమీదట రోజూ దినచర్య రాయాలని కామేశం గారి తాజా ఆజ్ఞ. రాసినదాన్ని వారం వారం ఆయనే చదువుతారట. చదవండి కామేశం గారూ. మీరు ఈ వానకచేరీకి పెద్ద. నేను మీ కింద వానలు గీసే నూకరత్నాన్ని. మనిద్దరికీ ఒకరంటే ఒకరికి గిట్టదు. ఆ సంగతి మొదటి పేజీలోనే రాసేస్తే మిగతా పేజీల్లో మర్యాద నటించే శ్రమ తప్పుతుంది.

పొద్దున్నే క్వార్టర్ తలుపు తీసేసరికి గుమ్మం నిండా చేపల పొట్టలు. సముద్రపొడ్డున ఉండే దిగువపేట వాళ్ల పని. కిందటి వాన వాళ్ల ఎండుచేపల్ని తడిపిందని కోపం. అంతకుముందు కొండ మీది మెట్ట వాళ్లు వచ్చి పూలకుండీలు పగలగొట్టారు. వాళ్ల పెళ్లి ఊరేగింపు తడిసిందట. పొట్టలు ఎత్తి, గుమ్మం కడిగి, రెండు పక్షాలనీ సమానంగా తిట్టుకుని పనికి వెళ్లాను.

ఈ కొత్తరేవు పట్నంలో వాన దానంతటది కురవడం మానేసి తరాలు గడిచాయి. సముద్రం మీద పుట్టే తుఫానుల్ని అక్కడే నిలేసి, మబ్బుల్ని మంద కట్టి, కావలసిన ముక్క తుంచి ఊరి మీదికి తోలుకొస్తాం. ఎంత వాన పడాలి, ఎంతసేపు పడాలి, మొదలయ్యాక ఎప్పుడు జోరందుకోవాలి, ఎప్పుడు తగ్గాలి అన్నది ముందే గీసి ఇచ్చేది నేను. పూర్వం వాన చెడగొడితే దేవుణ్ణి తిట్టేవాళ్లట. దేవుడికి ఇంటి నంబరు లేదు, నాకుంది.

వచ్చే శనివారం కురవాల్సిన వానని ఇవాళ గీశాను. నమూనా వాన అంటే వరసగా నిలబెట్టిన దిమ్మల బొమ్మ. ఒక్కో దిమ్మ ఒక్కో పావుగంట వాన. పొట్టి దిమ్మలతో మొదలుపెట్టి, నడుమ అన్నిటికన్నా పొడుగుది నిలబెట్టి, మళ్లీ పొట్టివాటిలోకి దిగాలి. పొడుగు దిమ్మని మరీ చివరికి జరిపితే అప్పటికే నేలంతా తడిసి, కాలవలు నిండి ఉంటాయి కాబట్టి జోరు వాన వీధుల్లోకి వస్తుంది. మెట్ట నుంచి దిగువపేట మీదుగా సముద్రంలోకి పోయే పెద్దగెడ్డ వాగు ఎంత మొయ్యగలదో అంతే గియ్యాలి. ఎనభై ఏళ్లుగా ఆ గెడ్డ ఒక్కసారీ పొంగలేదంటే అది మా గది పుణ్యం. ఎవరూ మెచ్చుకోరు. పొంగని గెడ్డ ఎవరికీ కనబడదు.

మధ్యాహ్నం కామేశం గారు పిలిచి ఒక అర్జీ చూపించారు. మెట్ట, దిగువపేట కలిసి పెట్టిన అర్జీ. పామూ ముంగిసా ఒకే కంచంలో తిన్నట్టుంటే నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

మబ్బుల్ని ఎప్పుడూ సముద్రం వైపు నుంచే తోలుతాం. మధ్యాహ్నానికి దిగువపేట తడుస్తుంది. సాయంత్రానికి వాన మెట్ట ఎక్కుతుంది. ఈ శనివారం సాయంత్రం మెట్ట మీద కొత్త ఆరుబయలు రంగశాల ప్రారంభం. అప్పుడు వాన వద్దని వాళ్ల కోరిక. సాయంత్రం దాకా ఎండ ఉంటే ఒక విడత చేపలు పూర్తిగా ఆరతాయని దిగువపేట కోరిక. కాబట్టి మబ్బుల్ని చుట్టూ తిప్పి కొండ వెనక నుంచి తెచ్చి, మెట్ట మీద మొదలుపెట్టి, సముద్రం వైపు దించమన్నారు.

“వాన అదే, నమూనా అదే. తోలే దారి ఒక్కటే మారుతుంది. రెండు వార్డులూ జీవితంలో మొదటిసారి ఒక మాట మీద ఉన్నాయి రత్నం. నువ్వేమీ పుల్ల వెయ్యకు,” అన్నారు కామేశం గారు.

దిగువపేట తరఫున అర్జీ మీద మొదటి సంతకం మా అక్క పోలమ్మది.

మంగళవారం. ఉత్తర్వు ప్రకారం ఎండ.

పుల్ల వెయ్యాలని నాకేమీ సరదా లేదు. అక్క కోరిక ఒక్కసారైనా నా చేతుల మీదుగా తీరితే బాగుండునని నిన్న రాత్రి అనుకున్న మాట నిజం. అందుకే పొద్దున్నే ఒక్కసారి లెక్క వేసి చూద్దామని కూర్చున్నాను.

మా నమూనాలో ఒక లోటుంది. అది లోటని ఇవాళ్టిదాకా నాకూ తోచలేదు. దిమ్మల బొమ్మ ఊరంతటికీ ఒక్కటే. వాన ఊరంతా ఒకేసారి మొదలై ఒకేసారి ఆగినట్టు గీస్తాం. మబ్బు నడుస్తుందన్న సంగతి ఆ బొమ్మలో ఎక్కడా ఉండదు. ఎప్పుడూ ఒకే వైపు నుంచి వచ్చే మబ్బుకి బాణం గుర్తు ఎందుకని మొదట్లో గీసినవాళ్లు వదిలేశారు. తరవాత మేమంతా బొమ్మకు బొమ్మ దించుకుంటూ వచ్చాం.

నేను వార్డు వార్డుకీ వేరే గడియారం పెట్టి లెక్క తిప్పాను. సముద్రం నుంచి వస్తే దిగువపేట నీళ్లు ముందే సముద్రంలోకి జారుకుంటాయి. పై నీళ్లు దిగి వచ్చేసరికి గెడ్డలో చోటుంటుంది. కొండ నుంచి వస్తే అలా కాదు. మెట్ట నీళ్లు గెడ్డలో ఎంత వడిగా దిగుతాయో మబ్బూ ఇంచుమించు అంత వడిగానే దిగుతుంది. నీళ్లతోపాటు వాన నడుస్తుంది. ప్రతి వార్డూ తన జోరు వానని అప్పటికే నిండుగా వస్తున్న గెడ్డలో గుమ్మరిస్తుంది. వాకిలి కడుగుతూ నీళ్లు పోసి, పోసినవైపే చీపురుతో తోసుకుంటూ పోతే చివరికి గడప దగ్గర ఎంత నీరు చేరుతుందో అడగండి, ఏ ఇల్లాలైనా చెబుతుంది.

ఆ గడప దిగువపేట. అక్కడ గెడ్డ మీద పలకలు కప్పి, పలకల మీదే ఇళ్లు కట్టుకున్నారు, పలకల మీదే చేపలు ఆరబోసుకుంటారు. నా లెక్కలో నీళ్లు పలకల్ని లేపేసి ఇళ్ల చూరుల దాకా వచ్చాయి. నమ్మలేక మళ్లీ తిప్పాను. మబ్బు వేగం కాస్త తగ్గించి తిప్పాను, పెంచి తిప్పాను. ప్రతిసారీ దిగువపేట మునిగింది.

కాగితాలు పట్టుకుని కామేశం గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన భోంచేస్తున్నారు. చెయ్యి కడుక్కునేదాకా నిలబెట్టి, కాగితం తిప్పి కూడా చూడకుండా గోడ మీది అక్షరాలు చూపించారు. ‘నమూనా దాటని వానకి గెడ్డ పొంగదు.’ కచేరీ పెట్టిన రోజున రాసిన సూత్రం.

“శనివారం వాన నమూనా దాటుతుందా?”

“దాటదండీ. కానీ దిక్కు...”

“సూత్రంలో దిక్కు ఉందా?”

“లేదు. అదే తప్పు.”

“ఎనభై ఏళ్లుగా తప్పని సూత్రం నీకు ఇవాళ తప్పయిందా రత్నం? నీ కింది పేట జనం నిన్ను తిడుతున్నారని మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నావు. ఇంటికెళ్లి పడుకో.”

గోడ మీది అక్షరాల్ని గునపంతో పెకలించాలనిపించింది. ఆ మాట పైకే అన్నాను.

బుధవారం. ఉత్తర్వు ప్రకారం ఎండ, కొంచెం గాలి.

వార్డుల సభ జరిగింది. నేను ఒక వంపు రేకు, మూడు చెంబులు, ఒక బిందె పట్టుకెళ్లాను. రేకుని ఏటవాలుగా నిలబెట్టి, ఇద్దరు బంట్రోతుల్ని సాయం పిలిచాను. మొదట కింది చెంబు, తరవాత నడిమి చెంబు, ఆఖరున పై చెంబు వంచాం. నీళ్లన్నీ బుద్ధిగా రేకు చివర నుంచి బిందెలో పడ్డాయి. రెండోసారి పై చెంబుతో మొదలుపెట్టి, నీళ్లు కిందికి చేరే వేళకి కింది చెంబు వంచాం. అవే చెంబులు, అవే నీళ్లు. ఈసారి రేకు అంచు దాటి కామేశం గారి బూట్లని తడిపాయి.

సభంతా నవ్వింది. మెట్ట సభ్యురాలు సూర్యప్రభ లేచింది. కొత్త రంగశాల ఆవిడ హయాంలోనే కట్టారు. ప్రారంభానికి పట్టుచీర కూడా కొనుక్కుందని విన్నాను.

“రెండోసారి చెంబులు విసురుగా వంచారు. మేమంతా చూశాం. మెట్ట మీద ఒక్క సాయంత్రం పొడిగా ఉంటే ఈవిడకి కడుపునొప్పి ఎందుకో!”

“అయితే మీరే వంచండి,” అన్నాను. ఆవిడ చీర తడుస్తుందని రాలేదు. నేను దిగువపేట బల్ల వైపు తిరిగాను. “అక్కా, నువ్వొచ్చి వంచు. నీ చేత్తో నువ్వే చూసుకో.”

పోలమ్మ లేవలేదు. కొంగు బిగించి అందరికీ వినబడేలా అంది. “నీ సెంబు నాను ముట్టుకోను. ఇన్నేళ్లూ మా సేపలు నానబెట్టావు. దేవుడు కళ్లు తెరిసి ఒక్క రోజు ఎండ ఇస్తంటే దానికీ అడ్డమేటే?”

చప్పట్లు కొట్టారు. మెట్ట వాళ్లు దిగువపేట మనిషికి చప్పట్లు కొట్టడం ఆ సభలో అదే మొదలు. చేతులెత్తమంటే నేను తప్ప అందరూ ఎత్తారు. నాకు ఓటే లేదు.

గురువారం. ఉత్తర్వు ప్రకారం ఎండ.

సెలవు పెట్టి దిగువపేట దిగాను. ఇక్కడే పుట్టాను. నన్ను చదివించింది అక్కే. చేపల గంప నెత్తిన పెట్టుకుని మెట్ట దాకా ఎక్కి, గంప దించే ముందు నన్ను బడిలో దించేది. వానకచేరీలో ఉద్యోగం వచ్చినప్పుడు పేటంతా మిఠాయి పంచింది. నేను గీసిన వాన ఆవిడ చేపల మీద పడిన రోజు నుంచి మాటల్లేవు. వాన ఏ గంటకి మొదలవ్వాలో సభ నిర్ణయిస్తుంది, నేను జోరు మాత్రమే గీస్తానని చెప్పబోతే వినిపించుకోలేదు. వినిపించుకోనివాళ్లంటే నాకు ఒళ్లుమంట. ఆవిడకీ అంతే. ఒక్క కడుపునే పుట్టాం మరి.

పలకల మీద చాపలు పరిచి అక్క చేపలు తిరగేస్తోంది. పక్కనే వలలు బాగుచేసే గున్నయ్య, పేటలో నాకు వరసకి బావ. ఆయన నన్ను చూసి లేచి చాపకీ నాకూ మధ్య నిలబడ్డాడు. నేనేదో వాన జేబులో పెట్టుకొచ్చినట్టు.

“అక్కా, తిట్టాలంటే తిట్టు. ముందు మాట విను. శనివారం సాయంత్రం ఒక్క పూట అందరూ పైకి రండి. బడిలోనో, సభ మండపంలోనో కూర్చోండి. వాన ఆగాక దిగిపోదురు గాని.”

“సరుకొగ్గీసి?”

“సరుకు పోతే పోయింది. గెడ్డ పొంగుతుందక్కా. పలకలు లేచిపోతాయి.”

“మా తాత కాణ్ణించి గెడ్డ పొంగనేదు,” అన్నాడు గున్నయ్య. “నువ్వు సెప్తే పొంగుద్దేటి?”

“ఇన్నాళ్లూ వాన కింద నుంచి పైకి ఎక్కింది బావా. ఇప్పుడు పై నుంచి దిగుతోంది.”

“నీరు పల్లానికే కదేటి పోయేది? వాన కూడా పల్లానికే పోతే తప్పేటి?” అన్నాడాయన. పక్కనున్నవాళ్లు భలే చెప్పావన్నట్టు తలలూపారు. నాకు జవాబు తెలుసు, వాళ్లకి వినే ఓపిక లేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం తిట్టడు.

అక్క చేప తిరగేస్తూనే అంది. “మేం పైకొస్తే మెట్టోళ్లు ముక్కులు మూసుకుంటారు. నువ్వూ మూసుకుంటావు. ఎల్లే. ఎల్లి నీ గీతలు గీసుకో.”

“చచ్చిపోతావే!”

“సత్తే నా సేపల మద్దినే సత్తాను. నీకేటి?”

నాకేటి! అంత మాట అనేసి మళ్లీ వంగి చేపలు తిరగేసుకుంది. నడుం పట్టుకుని లేస్తోంది, వంగుతోంది. జుట్టు నేను అనుకున్నదానికన్నా తెల్లబడింది. నాకు ఏడుపొచ్చింది, దాన్ని మించి కోపమొచ్చింది. చాప ఒకటి కాలితో తన్నాను. ఆడవాళ్లు పేడా, పొట్టలూ విసురుతూ పేట చివరిదాకా తరిమారు.

శుక్రవారం. ఉత్తర్వు ప్రకారం ఎండ.

మబ్బులు తోలేవాళ్ల నాయకుడు దాలినాయుడి దగ్గరికి వెళ్లాను. గాలిపడవ రెక్కలకి జిడ్డు పూస్తున్నాడు. సముద్రం వైపు నుంచే తోలమని కాళ్లావేళ్లా పడ్డాను.

“అమ్మా, మేం పశువుల కాపర్లలాటోళ్లం. ఎటు తోలమంటే అటు తోల్తాం. ఉత్తర్వు మార్పించుకు రా, ఇప్పుడే మళ్లిస్తాను,” అన్నాడు. మంచివాడే. మంచివాళ్లతో ఏ పనీ కాదు.

తిరిగి వచ్చేసరికి నమూనా గదికి కొత్త తాళం. పొడుగు దిమ్మని కాస్త నరికి వాన జోరు తగ్గిద్దామనుకున్నాను. కామేశం గారు నాకన్నా ముందే ఆ ఊహ చేశారు. శనివారం నమూనాకి ముద్ర వేసి తన బీరువాలో పెట్టుకున్నారు.

“నీకు ఒక్క పని మిగిల్చాను. రేపు వాన చదువు. ఆచారం కాబట్టి చదువు. చదివి ఇంటికెళ్లు,” అన్నారు.

వాన చదవడం మా ఊరి పాత ఆచారం. తోలే ముందు, ఆ వాన గీసిన మనిషి మెట్ట మీది చదువు మండపంలో కూర్చుని, ఎప్పుడు మొదలు, ఎప్పుడు జోరు, ఎప్పుడు ఆగడం అన్నీ గొట్టం ముందు, వార్డు వార్డునా అమర్చిన మాటల గొట్టాల్లో వినబడేలా చదవాలి. చదవని వానని తోలరు. చదువుతున్నవాళ్ల నోరు ఎవరూ నొక్కకూడదు. మానేద్దామా అనుకున్నాను. నాతోపాటు ఈ వాన గీసిన పక్క బల్ల వాళ్లు చదివేస్తారు. వాళ్ల పేరూ నమూనా మీద ఉంది.

ప్రమాదమని గొట్టంలో చదివితే? సభలో చెప్పాను, నవ్వారు. పేటలో చెప్పాను, పేడ కొట్టారు. నేను బతిమాలితే ఒక్క కాలూ కదలదు. వాళ్లు నా మాట మీద కదిలింది ఎప్పుడూ ఒక్కందుకే, నన్ను కొట్టడానికి.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు. ఊరిని ఒక్క పూట ఖాళీ చేయించడానికి అదే పనికొస్తుందేమో చూడాలి.

శనివారం. పొద్దున్న ఎండ, తరవాత వాన.

ఇది రాసేసరికి ఆదివారం అయింది. కుడిచెయ్యి బెణికింది, ఎడంచేత్తో రాస్తున్నాను. చదవలేకపోతే మీ ఖర్మ.

పొద్దున చదువు మండపంలో గొట్టం ముందు కూర్చున్నాను. కామేశం గారు, సూర్యప్రభ వెనక కుర్చీల్లో ఉన్నారు. ముందు వాన చదివాను, ఉన్నదున్నట్టు. తరవాత ఆపలేదు. మా పేట మాటలో మొదలుపెట్టాను.

“దిగువపేటోళ్లారా, నూకరత్నం సెప్తంది, ఇనండి. ఇన్నేళ్లూ మీరు సేపలు ఆరబోసిన గంటకే వాన ఎందుకొచ్చిందో తెలుసేటి? నానే పెట్టాను. కావాలని పెట్టాను. మీ కంపు మెట్ట దాకా ఎక్కుతంటే భరించనేక పెట్టాను. మీ మగోళ్లకి వల ఇప్పడం రాదు. మీ ఆడోళ్లకి ఉప్పు పట్టడం రాదు. మీరు తడిసిన గోనెల్లాగ ఏడుత్తంటే పైన కూకుని టీ తాగుతా సూసేదాన్ని. ఏటి సేత్తారు? రోసముంటే పైకి రండి. మద్దేన్నం దాటీసరికి రండి. మండపంలోనే ఉంటాను, తలుపు తీసుంచుతాను. నలుగురొస్తే నవ్వుతాను. పేటంతా రండి. ముసిలోళ్లు, సంటోళ్లు, మంచం పట్టినోళ్లు, అందరూ వొచ్చి నా మొకం మీద ఉమ్మండి. ఒక్కడు ఇంట్లో మిగిలిపోనా, ఆ ఇంటికి సిగ్గు నేదనుకుంటాను!”

సూర్యప్రభ నోరు తెరుచుకుని చూసింది. కామేశం గారి చెయ్యి గొట్టం ఆపే మీట దాకా వచ్చి ఆగింది. ఆచారం కదా. నా గొంతు బొంగురుపోయింది. అంతగా ఎప్పుడూ అరవలేదు.

వచ్చారు. నా జన్మలో అంత సంతోషంగా ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. కొండదారి నిండా జనం. చంకలో పిల్లలు, భుజాల మీద ముసలివాళ్లు, ఒక మంచాన్ని నలుగురు మోసుకొస్తున్నారు. ఉమ్మడానికి మంచం మీద వస్తున్న ముసలమ్మని చూసి నాకు దణ్ణం పెట్టాలనిపించింది. వాళ్లు మండపం చేరేసరికి కొండ వెనక నుంచి మబ్బు లేచింది. మొదటి చినుకులు మెట్ట మీద పడ్డాయి. జనం తడుస్తూ లోపలికి తోసుకొచ్చారు.

అన్న మాట ప్రకారం తలుపు తీసే ఉంచాను. మొదటి చెంపదెబ్బ ఎవరిదో తెలియదు. తరవాత జుట్టు పట్టుకున్నారు. ఉమ్మారు. పడనిచ్చాను. పడుతూనే మొహాలు వెతుక్కున్నాను. ఎదురింటి వాళ్లున్నారు, ఉప్పు కొట్టు వాళ్లున్నారు, బావి వీధి వాళ్లు పిల్లలతో సహా ఉన్నారు. అక్క లేదు.

గున్నయ్య నా మెడ పట్టుకున్నాడు. “అక్కేదీ?” అన్నాను.

“ఆవిడెందుకొత్తాది? నిన్ను ఎనకేసుకొచ్చింది. ‘అబద్దం రా అది. మా రత్నం అబద్దమాడితే గొంతు పెద్దదైపోద్ది, సిన్నప్పట్నించీ అంతే. అది కావాలని మన సేపలు తడిపీ మనిషి కాదు. మీరెల్తే ఎల్లండి, సరుకంతా నాను సూసుకుంటాను’ అని కూకుంది.”

అక్కడితో నాకు దెబ్బలు తెలియలేదు. గున్నయ్య చెయ్యి కొరికి తలుపు వైపు దూకాను. “పారిపోతంది, పట్టండ్రా!” అన్నారు. పట్టుకున్నారు. అబద్ధమాడానని, మిమ్మల్ని పైకి రప్పించడానికే ఆడానని, అక్క మునిగిపోతుందని అరిచాను. గొంతు ఎంత పెద్దదైందో తెలియదు. నిజానికీ అబద్ధానికీ నాకు ఒకే గొంతు మిగిలింది. ఎవరూ నమ్మలేదు. నా చెయ్యి మెలితిప్పి నేల మీద కూర్చోబెట్టి, మీద కూర్చున్నారు.

మెట్ట మీద వాన వెలిసింది. మబ్బు అంచు కొండ వాలు మీద దిగడం కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. గెడ్డ చప్పుడు మొదట సన్నగా, తరవాత మండపం నేల అదిరేలా వినబడింది. కిటికీ దగ్గర నిలబడ్డ ఆడమనిషి ఒకామె కేక పెట్టింది. అప్పుడు నా మీద నుంచి లేచారు.

అందరం పరిగెత్తాం. సగం దారిలోనే నీళ్లు అడ్డం వచ్చాయి. అక్కడి నుంచి పేట కనిపిస్తుంది. పలకలు అట్టముక్కల్లా లేచి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. చాపలు, గంపలు, ఇళ్ల తలుపులు సముద్రంలోకి పోతున్నాయి. నేను దిగబోతే ఈసారి వేరే చేతులు పట్టుకున్నాయి. ఎవరివో చూడలేదు.

పేటంతా బతికింది. మా అక్క చచ్చిపోయింది. నీళ్లు తీశాక బావి వీధి మూల, చేపల చాపలకి తాళ్లు బిగించిన గుంజ దగ్గర దొరికింది.

మంగళవారం. ఉత్తర్వు ప్రకారం ఎండ.

నన్ను వానకచేరీ వెనక గదిలో ఉంచారు. కిటికీ ఉంది, చువ్వలున్నాయి. కామేశం గారు స్వయంగా వచ్చారు. తడిసి ఆరిన బూట్లే వేసుకున్నారు.

“విచారణ సంఘం రేపు కూర్చుంటుంది,” అన్నారు. “నువ్వు గొట్టంలో అన్న మాటలు ఊరంతా వింది. కావాలని వాన పెట్టానని నువ్వే అన్నావు. శనివారం వాన కూడా నువ్వు కావాలనే చెడగీశావని సంఘం అనుకోవడం తేలిక.”

“చెడగియ్యలేదని మీకు తెలుసు.”

“తెలుసు.” మొదటిసారి ఆయన నా కళ్లలోకి చూశారు. “ఆదివారమంతా కూర్చుని నీ లెక్క నేనే తిప్పాను. నువ్వు చెప్పిందే నిజం. కానీ కచేరీ సూత్రం తప్పని బయటపడితే జనం ఇక ఏ వాననీ నమ్మరు. ప్రతి వార్డూ తన మబ్బు తానే తోలుకుంటానంటుంది. అప్పుడు ఎన్ని పేటలు పోతాయో నువ్వే లెక్కవెయ్యి. నువ్వు ఒప్పుకో. ఒప్పుకుంటే, ఇంకెవరూ నీలా చెడగియ్యకుండా అన్న పేరు పెట్టి సూత్రంలో దిక్కు చేరుస్తాను. ఇకమీదట మబ్బు ఏ వైపు నుంచి నడుస్తుందో ప్రతి నమూనాలోనూ గీస్తారు. కొండ వైపు నుంచి తోలడం శాశ్వతంగా నిషేధం.”

“ఒప్పుకోకపోతే?”

“వాన నమూనా దాటలేదు, గెడ్డలో చెత్త అడ్డుపడింది అని రాస్తాం. మెట్ట వాళ్లు వచ్చే నెల మళ్లీ అర్జీ పెడతారు. సాయంత్రం పొడిగా ఉండటం వాళ్లకి నచ్చింది.”

మీ మొహం మీద ఉమ్మాను కామేశం గారూ. మీరు తుడుచుకుని కాగితం చాపారు. ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను. ఈ పేజీలు చదివేదీ మీరే, చించేదీ మీరే కాబట్టి, చించేముందు ఇంకోసారి గుర్తు చేసుకుంటారని.

కాగితం రోజంతా నా ముందు ఉంది. సంతకం పెడితే నేను పేట మీద పగబట్టి వానలు కురిపించిన మనిషిని. అదొక్కటే అయితే ఎప్పుడో పెట్టేసేదాన్ని. తిట్లు నాకు కొత్త కాదు. కానీ ఊరంతా నా అబద్ధాన్ని నమ్మిన రోజున అక్క ఒక్కతే నమ్మలేదు. అది కావాలని చేసే మనిషి కాదని అందరి ముందూ అని, ఆ మాట మీద కూర్చుంది. సంతకం పెడితే ఆవిడ మాట తప్పవుతుంది. పెట్టకపోతే వచ్చే నెల ఇంకెవరి అక్కో.

పొద్దు వాలుతుండగా పెట్టాను.

తరవాత గున్నయ్య కిటికీ దగ్గరికి వచ్చాడు. చేతికి నేను కొరికినచోట కట్టుంది. నా సంతకం సంగతి అప్పటికే ఊళ్లో పాకింది. చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“ఒప్పీసుకున్నావంట గదా,” అన్నాడు. “మేమంతా సెప్తంటే ఇన్నాదా? మా రత్నం అలాటిది కాదు అనీసింది. పిచ్చిది. నిన్ను నమ్మి సచ్చిపోనాది.”

“అవును బావా,” అన్నాను.